ఇచ్చిపుచ్చుకోలు కంచె

కట్లర్స్ బెండ్ ఊరికి చెప్పుకోదగ్గ ఘనత ఒకే ఒక్కటి ఉంది. అది మరుగుదొడ్డి. నవ్వేవాళ్ళు నవ్వండి గానీ, రెండు గంటల దారిలో ముక్కు మూసుకోకుండా లోపలికి అడుగుపెట్టగలిగే టాయిలెట్ అదొక్కటే. ఎర్ర ఇటుక గోడలు, ఆకుపచ్చ రేకుల కప్పు, నాలుగు గదులు, ఒక అద్దం, ఎప్పుడూ సబ్బు. రోజూ పొద్దున పది గంటల పది నిమిషాలకు నెవ్ నడిపే టూరిస్టు బస్సు సరిగ్గా దాని ముందు ఆగేది. నలభై మంది పింఛనుదార్లు మోకాళ్ళు పట్టుకుని దిగి, ముందు ఆ పని చూసుకుని, ఆ తర్వాత ప్రశాంతమైన ముఖాలతో పక్కనే ఉన్న గ్లెనిస్ ట్రాస్క్ బేకరీలోకి వచ్చేవారు. కడుపు తేలికపడ్డ మనిషికి ఆకలి వేస్తుంది. గ్లెనిస్ ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆకలి మీదే బతుకుతోంది. ఊళ్ళో ఉన్న తొంభై మందీ వారానికోసారి మాంసం కూరిన మీట్‌పై కొన్నా ఆమె పొయ్యి వెలగదు.

ఒక మంగళవారం పొద్దున ఆమె బేకరీ తలుపు తీసేసరికి టాయిలెట్‌కు తాళం వేసి ఉంది. తలుపు మీద కాగితం. "ఈ కట్టడం ప్రైవేటు స్థలంలో ఉన్నందున దీనిపై ప్రజాధనం ఖర్చు చేయుట కుదరదు. మూసివేయడమైనది." కింద కౌన్సిల్ ముద్ర.

కాగితం అంటించిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. పేరు రుపర్ట్ చివర్స్. మెల్‌బోర్న్ నుంచి కౌన్సిల్‌కు కొత్తగా వచ్చిన అధికారి. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన కాలరుతో ఉంటాడు. చెడ్డవాడేం కాదు. నిబంధన అనే మాట వింటే మాత్రం గుళ్ళో గంట విన్నట్టు నిటారుగా నిలబడిపోతాడు.

"ఏంటయ్యా ఇది? ఎవరి స్థలం? ముప్ఫై ఏళ్ళ నుంచి కౌన్సిలే కదా కడిగిస్తోంది!" అంది గ్లెనిస్.

"అదేనండీ ఘోరం," అన్నాడు రుపర్ట్ నిజంగానే బాధపడుతూ. "కొత్త కాలువ వేద్దామని సర్వేయరుతో కొలిపించాను. చూడండి, ఆ గులాబీ రంగు రిబ్బను కట్టిన కొయ్యలు రెండూ అసలు హద్దు. టాయిలెట్ మొత్తం క్లారీ హాడ్రిక్ గారి పొలంలో ఉంది. గోడే కాదు, అద్దం కూడా."

"హద్దు కంచె కాదూ?"

"కంచె హద్దు కాదండీ. కంచె కంచే."

గ్లెనిస్ తల పట్టుకుంది. ఈ చుట్టుపక్కల కంచెల సంగతి ఈ పట్నం పిల్లాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడి వాగు మెలికలు తిరుగుతూ పోతుంది. కాగితం మీద హద్దేమో తిన్నగా గీసి ఉంటుంది. తిన్నగా వేసిన కంచెను వరద ప్రతిసారీ మూటగట్టి పట్టుకుపోయేది. అందుకని పాతకాలం వాళ్ళు మెరక చూసి, వాగు ఎలా తిరిగితే అలా కంచె వేసుకునేవారు. ఒకచోట నీది కాస్త నాకు, ఇంకోచోట నాది కాస్త నీకు. దాన్ని ఇచ్చిపుచ్చుకోలు కంచె అంటారు. క్లారీ తండ్రీ, అప్పటి కౌన్సిల్ మేస్త్రీ ఈ కంచె దగ్గర నిలబడి చెయ్యి చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నారు. కాగితం లేదు, ముద్ర లేదు. ఆ తర్వాత పుట్టినవాళ్ళందరికీ కంచే హద్దు. టాయిలెట్ కట్టినవాళ్ళు కూడా కంచె చూసే పునాది తీశారు.

"సరే, ఇప్పుడు తెలిసింది కదా. తెలియనట్టు ఊరుకో బాబూ."

"అమ్మో! ప్రైవేటు స్థలం మీద ప్రజల డబ్బుతో ఒక్క టాయిలెట్ పేపరు రోలు పెట్టినా నేను తప్పు చేసినవాణ్ణే. హాడ్రిక్ గారు ఒప్పందం మీద సంతకం పెడితే ఆ క్షణమే తాళం తీస్తాను. ఉత్తరం పంపాను. ముప్ఫై ఒక్క పేజీలు."

పది దాటి పది నిమిషాలకు బస్సు వచ్చింది. నలభై మంది దిగారు, తాళం చూశారు, ఎక్కారు. ఒక్క మీట్‌పై అమ్ముడుపోలేదు. బిగదీసుకుని కూర్చున్న మనిషి దేని ముఖమూ చూడడు. నెవ్ కిటికీలోంచి తల బయటపెట్టి, "సోమవారం దాకా చూస్తాను గ్లెన్. ఆపైన నావల్ల కాదు. హాల్‌ఫర్డ్‌లో ఆపుకుంటాను," అన్నాడు.

"హాల్‌ఫర్డ్‌లోనా? అక్కడి టాయిలెట్‌లో కప్పలుంటాయి!"

"ఉంటే ఉన్నాయి, తలుపు తెరిచి ఉంటుంది కదా!"

బస్సు ఒక్కసారి హాల్‌ఫర్డ్‌కు అలవాటు పడిందంటే మళ్ళీ రాదు. బస్సు రాకపోతే బేకరీ లేదు. అరవై ఒక్క ఏళ్ళ వయసులో గ్లెనిస్‌కు పిండి పిసకడం తప్ప ఇంకో విద్య రాదు, నేర్చుకునే ఓపికా లేదు.

మర్నాడు ఆమె ఒక డబ్బా నిండా కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు పెట్టుకుని క్లారీ ఇంటికి వెళ్ళింది. అదే పొలానికి అటు చివర, వాగు మలుపులో ఉంటుంది ఆ ఇల్లు. క్లారీకి ఎనభై మూడు. కోపం ముక్కు మీద ఉంటుంది, చెవుడు మాత్రం అవసరం వచ్చినప్పుడే వస్తుంది.

"టాయిలెట్ గురించేనా?" అన్నాడు కెటిల్ పొయ్యి మీద పెడుతూ. "ఉండనీ, నాకేం అడ్డం? నా ఆవులు అటు పోనే పోవు."

గ్లెనిస్‌కు ప్రాణం లేచొచ్చింది. "మరింకేం! ఆ సంతకం పడెయ్యి."

"పెట్టను."

"అదేంటి క్లారీ!"

"ఉత్తరం చూశావా పిల్లా? 'హద్దు విషయంలో పొరపాటు జరిగినట్టు, కంచెకు చట్టబద్ధత లేనట్టు మీరు అంగీకరిస్తున్నారు' అట. ఎవడి పొరపాటు? మా నాన్న పొరపాటా? ఆయన కౌన్సిల్ వాడితో చెయ్యి కలిపాడు. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరి చేతులకూ కంచె తుప్పు అంటుకుని ఉంది. అరవై ఏళ్ళు వరదలొచ్చినా ఆ మాట కొట్టుకుపోలేదు. ఇప్పుడు కాలరోడొకడు వచ్చి అది చెల్లదంటాడా? చెల్లుతుందని వాణ్ణొచ్చి నాతో చెయ్యి కలపమను. ఆ తర్వాత వంద కాగితాలు ఇమ్మను."

గ్లెనిస్‌కు జాలేసింది. అక్కడి నుంచే రుపర్ట్‌కు ఫోను చేసి విషయం చెప్పింది.

"చేతులు కలపడానికి మా దగ్గర ఫారం లేదండీ," అన్నాడతను దిగులుగా. "కలిపితే ఆ మౌఖిక ఒప్పందాన్ని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. రుజువు లేకుండా ఎలా ఒప్పుకుంటాను? హాడ్రిక్ గారివాళ్ళు ఇచ్చిన స్థలం కనిపిస్తోంది, మరి బదులుగా తీసుకున్నదేదీ?"

క్లారీ టీ మీద టీ పోస్తూనే ఉన్నాడు. మూడో కప్పు అయ్యేసరికి గ్లెనిస్‌కు బస్సువాళ్ళకు వచ్చిన కష్టమే వచ్చింది.

"పెరట్లోకి వెళ్ళు. పేపరు ఉందిలే," అన్నాడు క్లారీ.

ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, వాగు గట్టు మీద ఉంది క్లారీ దొడ్డి. చెక్క గది, రేకు కప్పు, కప్పు నిండా పాషన్‌ఫ్రూట్ తీగ. కాయలు ఊదారంగులో వేలాడుతున్నాయి. తలుపుకు గడియ లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆ తలుపు వేసుకోలేదు. కూర్చుంటే పొలం పొలమంతా రోడ్డు దాకా కనిపిస్తుంది. గ్లెనిస్ కూర్చుని తన బతుకు గురించి ఆలోచిస్తూ ఎదురుగా చూసింది. దూరాన తన బేకరీ. దాని పక్కన తాళం వేసిన టాయిలెట్. ఆ రెంటి మధ్య గులాబీ రిబ్బన్లతో కొయ్యలు రెండు.

ఇచ్చిపుచ్చుకోలు. అక్కడ ఇచ్చారు సరే. పుచ్చుకున్నది ఎక్కడ?

ఆమె లేచి, బట్టలు సర్దుకుని, బయట నిలబడి ఒక కన్ను మూసింది. ట్రేలో రొట్టెలు వరసగా ఉన్నాయో లేదో చూసే కన్ను అది, ఇంతవరకు తప్పలేదు. రెండు కొయ్యలనూ కలిపి చూపును తిన్నగా ఇటు లాక్కొచ్చింది. ఆ గీత బట్టలారేసే తీగ కింద నుంచి, ఇంటికీ దొడ్డికీ మధ్యగా పోయింది. కంచె మాత్రం దొడ్డికి అవతల, వాగు అంచున ఉంది.

ఆమె క్లారీకి ఏమీ చెప్పలేదు. ఊళ్ళోకి వచ్చి రుపర్ట్‌కు చెప్పింది. గురువారం సర్వేయరు వచ్చి, మూడో కొయ్య సరిగ్గా ఆ బట్టల తీగ కిందే పాతాడు. క్లారీ దొడ్డి, పాషన్‌ఫ్రూట్ తీగతో సహా, కౌన్సిల్ స్థలంలో ఉంది.

రుపర్ట్ ముఖం పాలిపోయింది. "అంటే... అది ప్రజల ఆస్తి!"

"అంతేగా," అంది గ్లెనిస్ అమాయకంగా. "ప్రజల స్థలంలో ఉన్న టాయిలెట్‌ను ప్రజలు వాడుకోకుండా ఆపొచ్చా?"

"ఆపకూడదు."

"దారి చూపే బోర్డు పెట్టాలా వద్దా?"

రుపర్ట్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. రెండుసార్లు తిరగేశాడు. "పెట్టాలి," అన్నాడు ఏడుపు గొంతుతో.

సోమవారం పది దాటి పది నిమిషాలకు బస్సు ఆగింది. దిగినవాళ్ళకు కొత్త బోర్డు కనిపించింది. 'పబ్లిక్ టాయిలెట్', పక్కన పొలంలోకి బాణం గుర్తు. నలభై మంది చేతికర్రలతో, టోపీలతో, ఒకరి వెనక ఒకరు కంచె పక్కనుంచి నడిచి వెళ్ళారు. వెనకాల గ్లెనిస్, ఆమె వెనకాల ఫైలు పట్టుకుని రుపర్ట్.

క్లారీకి పదిన్నరకు దొడ్డికి వెళ్ళే అలవాటు. పైజమాతో, చంకలో పేపరుతో వెనక తలుపు తీశాడు. బట్టల తీగ దగ్గర నుంచి పొలం మధ్య దాకా మనుషులు. నోరెళ్ళబెట్టాడు.

"ఎవరు మీరంతా?"

"ప్రజలం," అంది ముందున్న ముసలమ్మ. "లైన్లో రండి నాయనా. అందరికీ అర్జంటే."

"ఇది నా దొడ్డి!"

"పబ్లిక్‌దని బోర్డు ఉంది. ఏమాటకామాట, పాషన్‌ఫ్రూట్ మాత్రం భలే కాసింది. రెండు కోసుకోమంటారా?"

క్లారీ ఎర్రబడ్డాడు, గ్లెనిస్ వైపు చూశాడు, కొయ్య వైపు చూశాడు, గులాబీ రిబ్బను వైపు చూశాడు. అతనికి విషయం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ వాగు గట్టు మీద పుట్టి పెరిగినవాడు.

"అక్కడ మాది వాళ్ళకిచ్చి, ఇక్కడ వాళ్ళది మేం తీసుకున్నాం," అన్నాడు మెల్లగా. "మా నాన్న సరిగ్గానే వేశాడు కంచె."

"సరిగ్గానే వేశారండీ," అన్నాడు రుపర్ట్. "నేను కొలిచి చూశాను. ఇచ్చింది ఎంతో, తీసుకున్నది దాదాపు అంతే. రెండు అడుగులు తేడా. రుజువు ఇంతకన్నా ఏం కావాలి? ఆయన మాట కరెక్టు. నా ఉత్తరమే తప్పు."

రుపర్ట్ ఫైలు చంకలో పెట్టుకుని, చెయ్యి చాచాడు. క్లారీ ఆ చేతిని చాలాసేపు చూశాడు. తెల్లటి చెయ్యి, సిరా మరక తప్ప ఏ మరకా లేదు. తన చేతిని పైజమాకు తుడుచుకుని పట్టుకున్నాడు. పట్టుకుని వదలలేదు.

"ఏది ఎక్కడుందో అది అక్కడే?"

"అక్కడేనండీ. స్థలాలు మార్చుకున్నట్టు రాయిస్తాను. కంచే హద్దు."

"ఇప్పుడివ్వు నీ కాగితం."

"ఒక్కసారి చదువుకోండి సార్. ముప్ఫై ఒక్క పేజీలు. ఆ పొరపాటు మాట కొట్టేశాను, అయినా..."

"చెయ్యి కలిపాక ఇంకా చదివేదేముందయ్యా?" అని క్లారీ గోడకు ఆనించి సంతకం గీకేశాడు.

రుపర్ట్ ఒక క్షణం ఆ సంతకం చూస్తూ నిలబడిపోయాడు. అంత నమ్మకం అతని మీద ఇంతవరకు ఎవరూ పెట్టలేదేమో, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు. అంతే, లైన్లో సగం మంది వెనక్కి తిరిగి రోడ్డు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టారు. గ్లెనిస్ వాళ్ళకన్నా ముందు పరిగెత్తింది, పొయ్యిలో ట్రే మరిచిపోయి వచ్చింది మరి. మీట్‌పైలు నల్లబడ్డాయి. ఆ రోజు అవి కూడా మిగల్లేదు. "రేపూ ఇదే టైముకి," అని నెవ్ హారను కొట్టి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏప్రన్‌తో కళ్ళు ఒత్తుకుంది.

ఆ సాయంత్రం క్లారీ కౌన్సిల్‌కు ఫోను చేశాడు.

"ఏమయ్యా కాలరూ, పొద్దున ఇరవై మంది వాడి పోయారు. రెండు రోళ్ళు అయిపోయాయి. అప్పటికది ప్రజల దొడ్డే కదా. పేపరు మీరే ఇవ్వాలి."

రుపర్ట్ నిబంధన చెప్పబోయాడు. ఇప్పుడది ప్రైవేటు స్థలమే కదా, ఒక్క రోలు కూడా ప్రజల డబ్బుతో కొనకూడదు. కానీ నిబంధనల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. కొట్టుకు వెళ్ళి, తన డబ్బుతో రెండు రోళ్ళు కొని, పొలం గట్టున నడుచుకుంటూ వెళ్ళి వెనక తలుపు తట్టాడు.

క్లారీ రోళ్ళు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రసీదు రాసివ్వాలా?" అన్నాడు.

"వద్దండీ," అన్నాడు రుపర్ట్, చెయ్యి చాస్తూ.