మిగిలినవాళ్ళ వాటా

గొడుగుల కార్ఖానాకు కత్తెరక్క ఒక్కతే యజమాని అయిందంటే, ఆవిడేదో ఎత్తు వేసి కాజేసిందనుకునేరు! అయ్యో రాత, ఆవిడ చేసిందల్లా లేచి వెళ్ళకపోవడమే.

పాత యజమాని పోయాక ఆయన పిల్లలకు గొడుగులంటే చిన్నచూపు. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసిన ఎనిమిదిమందికీ కార్ఖానాను చవగ్గా రాసిచ్చి చేతులు దులుపుకున్నారు. బట్ట కత్తిరించే కత్తెరక్క, కుట్టే వదిన, అంటే ఆవిడ సొంత అన్న పెళ్ళాం, పుల్లలు బిగించేవాళ్ళు, పిడులు అతికేవాళ్ళు అందరూ సమాన వాటాదారులే. బట్ట కత్తిరించే బల్ల చుట్టూ కూర్చుని రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. పని తగ్గితే ఎవరినీ ఇంటికి పంపకూడదు, అందరి జీతమూ సమానంగా కోసుకోవాలి. ఎవరైనా మానేస్తే సొమ్మిచ్చి పంపి, ఆ వాటాను మిగిలినవాళ్ళే పంచుకోవాలి, బయటివాడి చేతికి పోకూడదు. రెండోదానికైతే చప్పట్లు కూడా కొట్టారు. చివరికి ఒక్కరే మిగిలితే ఏమిటన్న ప్రశ్న ఒక్క బుర్రకూ తట్టలేదు. ఎనిమిదిమంది కిక్కిరిసి కూర్చున్న గదిలో ఆ ఆలోచన ఎందుకొస్తుంది లెండి!

అప్పట్లో ఆ వీధినిండా గొడుగుల కార్ఖానాలే. అంతలో ఒక పెద్ద కంపెనీ దిగింది. ముందు పుల్లలు తయారుచేసేవాళ్ళను కొంది. తర్వాత గొడుగులు అమ్మే దుకాణాలను కొంది. ఆ తర్వాత వీధిలోని కార్ఖానాలను ఒక్కొక్కటిగా కొంది. పుల్లలు అమ్మేదీ వాళ్ళే, గొడుగులు కొనేదీ వాళ్ళే, రెంటికీ ధర చెప్పేదీ వాళ్ళే. మధ్యలో ఈ ఎనిమిదిమంది బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ప్రతి సోమవారం బల్ల చుట్టూ చేరడం, జీతాలు ఇంకాస్త కోసుకోవడం. ఎదురుగా కంపెనీవాళ్ళేమో వీళ్ళకంటే ఎక్కువ జీతం, అదీ నెలనెలా తప్పకుండా ఇస్తున్నారు. ఎవరు మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటారు? ఒక్కొక్కరే వీధి దాటారు.

చివరికి వదిన కూడా సంచి సర్దుకుంది.

"ఏమే, ఇలా వారం వారం కోసుకుంటూ పోతే రేపు వేళ్ళే మిగుల్తాయి కోసుకోడానికి," అంది. "అక్కడ వానొచ్చినా రాకపోయినా ఒకటే జీతం."

"ఏ ఎండకా గొడుగు పడతావన్నమాట."

"గొడుగులు కుట్టేదాన్ని, పట్టక ఏం చెయ్యమంటావ్?" వదిన నవ్వింది. నవ్వుతూనే గొంతు తగ్గించింది. "నువ్వూ వచ్చెయ్యవే. ఒక్కదానివీ ఏం చేస్తావిక్కడ?"

"నేనూ వస్తే దీని తలుపెవరు తీస్తారు?"

"తియ్యకపోతే కొంపలేం మునగవు."

కత్తెరక్కకు ఒళ్ళు మండింది. తల తిప్పుకుని బట్ట కత్తిరించసాగింది. వదిన మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయాక చూసుకుంటే, కత్తిరింపు వంకర పోయింది.

ఆ తర్వాత కత్తిరించడం, కుట్టడం, బిగించడం అన్నీ ఆవిడే. కంపెనీ పుల్లలు కొనే స్తోమత లేక, పాత గొడుగులు ఏరి తెచ్చి వాటి పుల్లలు విప్పేది. సోమవారం పొద్దున్నే అలవాటు చొప్పున బల్ల ముందు కూర్చునేది. "ఈ వారం కూడా కోసుకుందామా?" అని పైకే అడిగేది. కాదనేవాళ్ళెవరు? కోసుకునేది. కార్ఖానా నిలబడిందంటే అందుకే నిలబడింది, అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ఇంకొకరికి జీతమివ్వాల్సి ఉంటే ఎప్పుడో మూతపడేది. మధ్యాహ్నాలు ఎదురుగా ఉన్న కంపెనీ కార్ఖానాలోంచి వదిన నవ్వు వినిపించేది. అది వినపడకుండా ఉండాలని కుట్టుమిషన్ తొక్కేది. కానీ ఆ నవ్వు ఆగితే బాగుండునని ఏనాడూ అనుకోలేదు. ఒంటరితనం ఎంత పాడుదంటే, కోపమొచ్చిన మనిషి గొంతు కూడా కావాలనిపిస్తుంది.

కంపెనీ లెక్కలు ఎక్కడో దూరాన వేస్తారు. ఎక్కడో ఒకేచోట పెద్ద ఫ్యాక్టరీ కట్టుకున్నారట, ఇంక వీధిలో ఇన్ని కార్ఖానాలెందుకనుకున్నారు. ఒకరోజు జనం పనికి వెళ్ళేసరికి అన్ని తలుపులకూ తాళాలు. తను కొనకుండా వదిలేసిన చిల్లర దుకాణాలవాళ్ళకు కంపెనీ సరుకు ఇవ్వనంది. వాళ్ళకు కత్తెరక్క తప్ప దిక్కు లేకపోయింది. ఒక్క చేత్తో తెమలనంత పని వచ్చి పడింది.

పని వచ్చిందని తెలిసి వదిన వచ్చింది, వెంట కంపెనీలో తనతో పనిచేసిన ముగ్గురిని తీసుకొచ్చింది. కత్తెరక్కకు కాళ్ళు నేలమీద ఆనలేదు. బల్ల తుడిచింది, కుర్చీలు లాగింది.

"రండి, కూర్చోండి. వాటాలు మళ్ళీ రాసుకుందాం. అందరికీ సమానం. సొమ్ము తర్వాత చూసుకోవచ్చు."

ఎవరూ కూర్చోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వాటాలొద్దులే," అంది వదిన. "వాటా అంటే ఏమిటో ఒకసారి చూశాను. లాభమొచ్చిన సంవత్సరం ఒక్కటి గుర్తులేదు, కోసుకున్న వారాలు మాత్రం గుర్తున్నాయి. జీతం ఎంతో చెప్పు, చేస్తాం."

"నువ్వు కూడానా వదినా?"

"నాకేమన్నా కొమ్ములున్నాయా?"

ఎంత బతిమాలినా నలుగురూ అదే మాట. చేసేదిలేక కత్తెరక్క జీతం చెప్పింది. వాళ్ళు ఒప్పుకున్నారు. ఏదైతేనేం, గదిలో మళ్ళీ మాటలు, దగ్గులు, మిషన్ల మోత. మనుషులున్నారు, అది చాలనుకుంది పిచ్చిది.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. దుకాణాలవాళ్ళు సరుకు వద్దన్నారు. కత్తెరక్క నలుగురినీ బల్ల దగ్గరకు పిలిచింది.

"ఈ కొన్నాళ్ళూ అందరం సమానంగా కోసుకుందాం. నేనూ కోసుకుంటాను. ఎవరూ పోనక్కర్లేదు."

వదిన వెంట వచ్చిన ముగ్గురిలో పిడులతికే ఆయన నెమ్మదిగా అన్నాడు. "పోయిన వానల్లో నాలుగు రాళ్ళు మిగిలాయి కదండీ. అవి మాతో పంచుకోలేదు. నష్టం మాత్రం పంచుకోమంటే ఎలాగండీ?"

"వాటా ఇస్తానంటే మీరే కదయ్యా వద్దన్నారు!"

"అవునండీ. వద్దన్నాం. అందుకే జీతం జీతంలాగే ఇవ్వండి."

ఆ మాటలో తప్పేముంది? వెతికితే కత్తెరక్కకు ఏమీ దొరకలేదు. పూర్తి జీతాలిస్తే నెల తిరక్కుండా కార్ఖానా మూతపడుతుంది. ఇద్దరి జీతమైతే లాక్కురావచ్చు, తను మానుకుంటే ముగ్గురిది. నలుగురిది మాత్రం ఎటు తిప్పినా కుదరదు.

వదిన లేచి సూదులడబ్బా మూత పెట్టింది.

"నన్ను తీసెయ్."

"ఏం మాటలవి? కూర్చో."

"సొంత వదినను ఉంచుకుని బయటివాళ్ళను తీసిందని రేపు వీధంతా అంటుంది. నీకా మాటెందుకు?"

"వదినా, నాకెవర్నీ తియ్యాలని లేదు!"

"తెలుసే. అయినా ఎవరో ఒకరు పోవాలి, ఆ సంగతి నువ్వే చెప్పాలి. ఇదివరకు ఆ పని ఎవరికీ లేదు. ఇప్పుడు నీకుంది."

వదిన ఆవిడ భుజంమీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. ఇంటికి రమ్మంది, ఒంట్లో జాగ్రత్త అంది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆపడానికి కత్తెరక్క తలుపుదాకా పరుగెత్తింది కూడా. కానీ ఏమని ఆపుతుంది? జీతమివ్వలేని మనిషిని ఉండిపొమ్మని ఏ నోటితో అంటుంది?

తిరిగి చూసేసరికి మిగిలిన ముగ్గురూ సంచులు పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నారు. ఇంకా వెలుతురుంది. పనిమాత్రం లేదు.

"మేం కూడా ఇంటికెళ్ళచ్చాండీ?" అని అడిగాడు పిడులతికే ఆయన.

ఆ బల్ల దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో ఇంటికెళ్ళడానికి ఆవిడను అనుమతి అడిగినవాళ్ళు లేరు. వాళ్ళు ముగ్గురూ తలలు కాస్త వంచుకుని, జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

"వెళ్ళండి," అంది కత్తెరక్క.