దారం కొస

అత్తగారికి చూపు మందగించినప్పటినుంచీ సూదిలో దారం ఎక్కించే పని కోడలిదే. వంటగదిలో ఉన్నా, బట్టలు ఆరేస్తున్నా "అమ్మాయ్, ఓసారి ఇలా రా" అని పిలుపు వచ్చేది. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, దారం కొసను పెదాల మధ్య తడిపి, చిటికెలో ఎక్కించి ఇచ్చేది. "దీని నోటి తడిలో ఏముందో గాని, పిలిచినట్టు దూరిపోతుందే" అని అత్తగారు నలుగురిలో మురిసిపోయేది కూడా.

ఆ పిలుపు ఆగిపోయింది. కోడలికి హెచ్ఐవి ఉందని తెలిసిన రోజే గ్లాసు వేరయింది, కంచం వేరయింది. నిజానికి ముందు తేలింది భర్తకే, ఆమెకు వచ్చిందీ అతని నుంచే. ఆ సంగతి మాత్రం తల్లికి చెప్పలేదు. "నీ సంగతి ఎలాగూ బయటపడింది కదా, ఇద్దరం చెడ్డవాళ్ళం కావడం ఎందుకు?" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! తన మాత్రలూ ఆమె డబ్బాలోనే కలిపి దాచి, రోజూ తల్లి కంటపడకుండా ఒకటి తీసుకుంటాడు. వండి పెట్టేది ఆమే, అందరి ఎంగిలి కంచాలూ కడిగేది ఆమే. ఆ వంటకు లేని అంటు ఆమె గ్లాసుకు ఎలా వచ్చిందని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

ఇప్పుడు నోరంతా పుండు. నాలుక మీద తెల్లటి పూత, గీకితే కింద ఎర్రగా మంట. పెదాల మూలలు పగిలాయి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు. ఉత్త మెతుకులు కూడా గొంతు దిగడం లేదు. పళ్ళ డాక్టరమ్మ మెత్తగానే అడిగింది, "ఇంకేమైనా జబ్బుందా అమ్మా?" అని. ఆమె నోరు తెరిచేలోగా పక్కనున్న భర్త అందుకున్నాడు. "ఏమీ లేదండీ, ఒట్టి అశ్రద్ధ. ఎంత చెప్పినా సరిగ్గా తోముకోదు." ఇంటిల్లిపాదికీ వేళకు అన్నీ అమర్చే మనిషికి అశ్రద్ధట! సిగ్గుతో చచ్చిపోయింది. పుక్కిలించే మందేదో ఇచ్చి పంపారు. అసలు జబ్బు తెలియకుండా ఇచ్చిన మందు, ఎలా తగ్గుతుంది? ఇవాళ మళ్ళీ రమ్మన్నారు. "నువ్వు నోరు జారావంటే నా పరువు వీధిన పడుతుంది" అని పొద్దున్నే హెచ్చరించాడు.

బయల్దేరబోతుంటే అత్తగారు కొడుకు చొక్కాకు గుండీ కుట్టాలని సూదితో కుస్తీ పడుతోంది. కోడలి చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళింది.

"వద్దులే తల్లీ, నీ ఎంగిలి దారం నాకెందుకు? ఒరేయ్, నువ్వు ఎక్కించి పెట్టరా."

అతను పెళ్ళాం వైపు చూడలేదు. దారం కొస పెదాల మధ్య పెట్టుకుని తడిపి, ఎక్కించి ఇచ్చాడు. "నా బంగారు తండ్రి" అంటూ తల్లి గుండీ కుట్టడం ముగించి, మిగిలిన దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికింది.

ఉమ్మితో ఈ జబ్బు అంటదని ఆస్పత్రిలో నర్సు ఎప్పుడో చెప్పింది, అక్కడ అతనూ విన్నాడు. విని కూడా, ఆమె గ్లాసు వేరు చేస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు కడుపులోంచి దుఃఖం తన్నుకొచ్చింది. మింగబోతే గొంతు మండింది. ఇక మింగదలచుకోలేదు.

చెప్పులు వేసుకుంది.

"ఉండు, నేనూ వస్తున్నా" అన్నాడు భర్త.

"అక్కర్లేదు. ఈసారి డాక్టరమ్మకు నేనే చెప్పుకుంటా, ఉన్నదున్నట్టు."

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, నా గ్లాసు మిగతా గ్లాసుల్లోనే పెట్టాను. ఎంగిలితో ఈ జబ్బు రాదు. వచ్చేదే అయితే, మీరిప్పుడు కొరికిన దారంతోనే వచ్చేసేది."