ఐసు మీద ఆరు గంటలు

“రక్తం ఈ ఎండకి విరిగిపోదా సిస్టర్?” అని అడిగాను. అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున్న ఆరు కూడా కాలేదు, ఎండ జాడే లేదు.

విరగడానికి అదేమైనా పాలా అని నర్సు నవ్వింది. లాబు రెండు వీధుల అవతలే, నడిచి వెళ్లి ఇచ్చేసి రమ్మంది. ఆసుపత్రిలో పరీక్షల మిషను రెండు రోజులుగా మూలపడి ఉంది. అందుకని రోగుల తాలూకు వాళ్లమే ట్యూబులు మోస్తున్నాం.

మా అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాలుగు రోజుల వాంతులకు కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరుగారు చెప్పారు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదం ఉందని, అప్పుడు మెడలో గొట్టం దించి మిషను మీద రక్తం శుభ్రం చేయాల్సి వస్తుందని కూడా అన్నారు. పొటాషియం అంటే ఏమిటో నాకు తెలియదు. గుండె ఆగడం అంటే తెలుసు.

“తీసుకెళ్లి ఇచ్చి రా, అంతే. నీ తెలివి కలపకు,” అంది అమ్మాయి, గోడతో చెబుతున్నట్టు. ఆ తర్వాత ఎంత పలకరించినా నోరు విప్పలేదు. దాని తప్పేం లేదు. ఆ ఒక్క ట్యూబు రక్తానికి నాలుగుసార్లు పొడిచారు. నరం దొరకలేదు, చెయ్యి నేరేడుపండులా కమిలిపోయింది. నాలుగోసారి నేను, ఇంక పిల్ల దక్కదని వార్డంతా వినేలా ఏడ్చాను. ఏ మాట అనకూడదో ఆ మాటే నా నోట ముందు వస్తుంది.

లాబుకు తాళం వేసి ఉంది. ఏడింటికి తీస్తారని బోర్డు. ఏడైంది, ఎనిమిదిన్నరైంది. లాబు నడిపే ఆవిడ బండి చెడిపోయిందట, మధ్యాహ్నానికి గాని రాదట అని పక్కన పళ్లరసం కొట్టతను చెప్పాడు. వెనక్కి తీసుకెళ్తే ఇది పనికిరాదంటారు, మళ్లీ పొడుస్తారు. ఐదో పోటు తలుచుకునేసరికి నా కాళ్లు ఆ మెట్లకు అతుక్కుపోయాయి. నిజానికి అప్పటికే ట్యూబు ఐసులో ఉంది. పాలైనా చేపలైనా చల్లగా ఉంటే చెడవు కదా. మెట్లెక్కి తాళం చూడగానే ఆ కొట్టతన్ని బతిమాలి డబ్బాలో ఐసు వేయించుకుని, ట్యూబును ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో దించాను. కరిగినప్పుడల్లా మళ్లీ వేయించాను. నాలుగోసారికి అతను, ఏమమ్మా, నా కొట్టు పక్కన చేపల బేరం గాని పెట్టావా అన్నాడు.

పన్నెండు దాటాక లాబు ఆవిడ వచ్చింది. నేను ముందే ట్యూబును రుమాలుతో తుడిచి, గుప్పిట్లో వెచ్చబెట్టి అందించాను. ఎప్పుడు తీశారని అడిగితే ఇందాకే అన్నాను. అప్పుడే గడ్డ కట్టిందేమిటి అని ఆవిడ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

నా వాలకం చూసి జాలిపడిందేమో, లోపల స్టూలు చూపించింది. బల్ల మీద అన్నం గిన్నెంత గుండ్రటి మిషను. మూత తీస్తే లోపల చుట్టూ వాలుగా గుంటలు. ఒక గుంటలో మా అమ్మాయి ట్యూబు పెట్టి, సరిగ్గా ఎదురు గుంటలో అంతే బరువు తూగేలా నీళ్లు పోసిన ట్యూబు పెట్టింది. బరువు ఒకవైపే ఉంటే మిషను బల్ల మీద గంతులేస్తుందట. అది వినగానే, ఆ నీళ్లు ఒక చుక్క తక్కువైతే ఎలాగని నాకు కొత్త భయం పట్టుకుంది.

మీట నొక్కింది. మూలుగులా మొదలై సన్నటి కూతైంది. మజ్జిగ చిలికినట్టా అని అడిగాను. చిలికితే అంతా కలిసిపోతుంది, ఇది విడదీయడానికి అంది. అంత వడిగా తిరిగేటప్పుడు బరువైనవి బయటివైపుకు, అంటే ట్యూబు అడుక్కు తోసుకుపోతాయట. తేలికైన తేట పైన మిగులుతుందట. ట్యూబులో ముందే వేసి ఉన్న జిగురు మధ్యలో అడ్డుగోడలా నిలుస్తుందట. బురదనీళ్లు కుండలో తేరుకున్నట్టే, కాకపోతే పది నిమిషాల్లో.

ఆగాక చూపించింది. అడుగున ముదురు ఎరుపు, మధ్య తెల్లటి జిగురు, పైన లేత పసుపు తేట. చూడడానికి ఎంతో శుభ్రంగా ఉంది. ఆ తేటను ఇంకో మిషనులో పెట్టింది. పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది, ఐదు దాటితేనే ఎక్కువట. మళ్లీ పెట్టింది. అదే అంకె. వార్డుకు ఫోను చేసి చెబితే, గొట్టం వేయడానికి ఇప్పుడే తీసుకెళ్తున్నామని అవతలి గొంతు అనడం నాకూ వినపడింది.

ఆవిడ ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. “తేట ఎర్రబడలేదు, కణాలు పగల్లేదు. పెద్దమ్మా, దీన్ని చల్లటిచోట గాని పెట్టారా?”

ఎందుకని అడిగాను. పొటాషియం ఎక్కువగా ఉండేది ఆ ఎర్ర కణాల లోపలేనట. ఒంటి వెచ్చదనంలో కణం దాన్ని పట్టి ఉంచుతుంది. గంటల తరబడి చలిలో పెడితే పట్టు వదిలేస్తుంది, రంగు మారకుండానే అది తేటలోకి కారిపోతుంది. అలా కారాక ఎంత తిప్పినా వేరు కాదు, ఒంట్లో లేని పొటాషియం కాగితం మీద కనిపిస్తుంది.

“లేదు తల్లీ,” అన్నాను.

ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. ఒకవైపు కూతురి మెడ, ఒకవైపు నాలుగు చీవాట్లు. నా నోరు చీవాట్లకే జడిసింది. కాగితం పట్టుకుని మెట్లు దిగి వీధి మలుపు దాకా వచ్చాను. లేని కీడును ఎంచి ఊరంతా చాటే మనిషిని, ఉన్న కీడును నా చేతులతో చేసి దాచిపెట్టాను. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఎదురొచ్చిన వాళ్లు నాకు ఎవరో పోయారనుకుని దారి ఇచ్చారు.

గొట్టం వేసే గది తలుపు తోసేసరికి అమ్మాయి మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. మెడకు ఎర్రమందు పూశారు. డాక్టరుగారి చేతిలో సూది.

“ఐసులో పెట్టాను,” అన్నాను. “ఆరు గంటలు ఐసులో పెట్టి, లాబులో అడిగితే లేదని అబద్ధం చెప్పాను. మళ్లీ రక్తం తీసి చూడండి బాబూ.”

పొద్దున్నించీ ఈవిడ ఇంతే డాక్టరుగారూ, అన్నిటికీ భయమే, గొట్టం పడనివ్వకూడదని ఏదో ఒకటి అల్లుతోంది అని నర్సు నన్ను బయటికి నెట్టబోయింది. నేను గడప పట్టుకున్నాను. డాక్టరుగారు నన్ను చూశారు, ఈసీజీ కాగితం చూశారు. అది మామూలుగానే ఉందని తనలో తాను అనుకున్నారు. మళ్లీ నా మొహం చూశారు. నమ్మాలో లేదో ఆయనకు తేలడం లేదు. సూది అలాగే గాలిలో ఉంది.  

పొద్దున ఆ ఒక్క మాట తర్వాత పెదవి కదపని అమ్మాయి ఆ గుడ్డ కింద నుంచి పలికింది.

“మా అమ్మ పెట్టే ఉంటుంది డాక్టరుగారూ. ఇంకో చెయ్యి ఉందిగా, తియ్యండి.”