అంగుళం ఎక్కువైన కుర్చీ

తమ్ముణ్ణి కొట్లో వేసి నెల దాటింది. కోట గోడకు రాళ్లు ఊరికే మోయనన్నాడు, అదే నేరం. వెట్టికి వంగని వాడికి ఆ రాజ్యంలో మొండోడని పేరు.

వడ్రంగం చేసే అన్నను దివాన్ పిలిపించాడు. కొత్త తెల్లదొర కొలువుకు వస్తున్నాడట. రాజు కుర్చీ, దొర కుర్చీ సమానంగా ఉండాలని ఒప్పందమట. రాజుది మాత్రం కంటికి ఆనకుండా అంగుళం పెంచాలట. పెంచితే తమ్ముడు ఇంటికొస్తాడు. నోరు జారితే అన్న కూడా కొట్లోకే పోతాడు.

అడిగిన కప్పం కట్టి, సైన్యాన్ని అప్పగించి, దొర ఒప్పుకోలేదని దత్తత కూడా మానుకున్న రాజుకు మిగిలిన పౌరుషం ఆ అంగుళమే. దానికీ కూలి లేదు.

అన్న కుర్చీ కాళ్లకు చెక్క అతికి, అతుకు మీద రంగు పూశాడు.

కొలువులో దొరగారి గుమాస్తా కొలబద్ద తీశాడు. అంతే, దొర కూర్చోనన్నాడు. దొర నిలబడితే రాజు కూర్చోలేడు, రాజు నిలబడితే సభ కూర్చోలేదు. తనకేం తెలియదనీ, అంతా వడ్రంగి పొగరనీ రాజు చెప్పించాడు. ఇప్పుడే, ఇక్కడే కోయించమన్నాడు దొర.

అన్నను రంపంతో సహా ఈడ్చుకొచ్చారు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా?" అన్నాడు దివాన్, దొర వినాలని.

"తిన్నదెప్పుడయ్యా? వాసాలైతే వేసింది నేనే."

బంటు బల్లెం మెడకు ఆనించాడు. అన్న రంపం చంకలో పెట్టుకుని, ముందు తమ్ముణ్ణి తెప్పించమన్నాడు. కోశాక చూద్దామని దివాన్ గొణిగాడు. అన్న కదల్లేదు. దొర గడియారం చూసుకున్నాడు. నగల బరువుకు రాజు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరిగాడు. దివాన్ సైగ చేస్తే ఒకడు కొట్టు వైపు పరిగెత్తాడు.

తమ్ముడు వెలుతురుకు కళ్లు చికిలిస్తూ వచ్చాడు. కుర్చీ కాలికి రంపం ఆనించి కూర్చున్న అన్నను చూశాడు.

"కూలెంతన్నా?"

అన్న రంపాన్ని అతుకు మీదికి సరిచేశాడు.

"ఊరికే చెయ్యననే కదా నన్ను లోపలేశారు. నువ్వు ఊరికే కోస్తే, ఇన్నాళ్లూ నేనెందుకు పడ్డట్టు?"

ఒక్క కోత కోస్తే తమ్ముడు ఇంటికి. కోయకపోతే ఇద్దరూ కొట్లోకి. మెడ మీద బల్లెం మొన చల్లగా తగులుతోంది. తమ్ముడు బతిమాలలేదు, చెయ్యి పట్టి లేపనూ లేదు. చూస్తూ నిలబడ్డాడు.

అన్న లేచి రంపం దివాన్ కాళ్ల ముందు పెట్టాడు.

"అటూ ఇటూ లాగడమే. లాక్కోవడం మీకు అలవాటే కదయ్యా."

ఎవరైనా సరే, త్వరగా కోయమన్నాడు దొర. కోసే చెయ్యి ఎవరిదైతే ఆయనకేం? దివాన్ బంట్ల వైపు చూశాడు. తమ చేతకాదన్నట్టు వాళ్లు నేల చూపులు చూశారు. జరీ తలపాగా జారిపోతుంటే దివాన్ మోకాళ్ల మీద కూర్చుని రంపం పట్టాడు. రాజు చూశాడు, దొర చూశాడు. బల్లేలు పట్టిన వాళ్లు కూడా చేసే పని మరిచి ఆ వింతనే చూశారు.

అన్నదమ్ములు గుమ్మం దాకా నడిచారు. గుమ్మం దాటాక పరిగెత్తారు.