వంపులో ఆగిన కత్తి

గుడ్డల దొంతర మీద ఇనుప బరువులు సర్ది, కరెంటు కత్తి మీట నొక్కబోతూ ఆగాడు కటింగ్ మాస్టారు. ఇప్పుడే కదా వెళ్ళొచ్చింది అని పొట్టకు నచ్చజెప్పి చూశాడు. అది ఎవరి మాటా వినే రకం కాదు. షెడ్డు చివరనున్న మరుగుదొడ్డికి మళ్ళీ బయల్దేరాడు. పరిగెత్తితే అందరూ చూస్తారు, నిదానిస్తే పరువు పోతుంది. అందుకని ఏదో గుర్తొచ్చినవాడిలా వడివడిగా నడవడం అలవాటు చేసుకున్నాడు.

పెద్దపేగు పుండ్లు పడితే డాక్టర్లు దాన్ని మొత్తం తీసేశారు. చిన్నపేగు చివర మడిచి, లోపలే ఓ సంచి కుట్టారు. "నాకంటే పనిమంతులైన దర్జీలు" అని అప్పట్లో అందరికీ చెప్పి నవ్వించాడు. తర్వాత ఆ సంచి వాచింది. మందులు వాడితే తగ్గడం, ఆపితే మళ్ళీ వాయడం. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఈసారి మాత్రలు కూడా పనిచేయకపోతే లోపలి సంచి తీసేయాలని, బతికినంతకాలం పొట్ట బయట సంచి తగిలించుకోవాలని డాక్టరు చెప్పాడు.

పొద్దున అన్నం మెత్తగా పిసికి పెడుతూ భార్య అడిగింది.

"ఈ మాత్రలకైనా తగ్గుతోందా?"

"కొంచెం నయమే."

ఆమె మొహం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి కత్తి పట్టాడు. చొక్కాల చంక వంపు తీయాలి. వంపు మొదలుపెట్టాక కత్తి ఆగకూడదు. ఆగితే మళ్ళీ కదిలించినచోట మెట్టు పడుతుంది, అదీ దొంతరలోని ప్రతి గుడ్డకీ. మీసాలు రాని వయసు నుంచీ ఈ పనే చేస్తున్నాడు, వంపులో ఎన్నడూ ఆగలేదు. జబ్బు చేశాక కూడా ఆగలేదు. ఈ బల్ల దగ్గరున్నంతసేపూ తను రోగినన్న సంగతే మర్చిపోయేవాడు. ఇది కూడా పోతే ఇంక తనకేం మిగలదని భయం.

వంపు సగంలో కడుపు మెలిపెట్టింది. పళ్ళు బిగించాడు. లాభం లేకపోయింది. కత్తి ఆపి వెళ్ళాడు.

వచ్చి మిగతాది కోస్తే మెట్టు పడనే పడింది. ఎవరూ చూడకుండా దాన్ని చెక్కి నున్నగా చేశాడు. పైకి బాగానే కనిపించింది.

మధ్యాహ్నం, చొక్కాలకు చేతులు అతికే ఆమె మిషను ఆపి పిలిచింది.

"మాస్టారూ, చంక వంపుకి చొక్కా చెయ్యి చాలట్లేదండీ. లాగి కుడితే ముడతలు పడుతోంది."

యజమాని వచ్చి చూశాడు. కత్తిదే లోపమనుకుని మిస్త్రీకి ఫోన్ చేయబోయాడు.

"కత్తి బాగానే ఉందండి" అన్నాడు మాస్టారు. "నేనే మధ్యలో ఆపాను. మెట్టు కనబడకుండా చెక్కేసరికి వంపు పెద్దదైపోయింది."

యజమాని కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి మాస్టారూ. నయమయ్యాక వద్దురుగాని."

"అలాగేనండి."

నయం కాదని ఇద్దరికీ తెలుసు. మాస్టారు కత్తి తుడిచి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. అంతలోనే కడుపు పిలిచింది. ఏడవడానికైనా తీరిక ఇవ్వని కడుపు. అటు వెళ్ళినవాడు అటే వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు.

తర్వాత వారం కొత్త మాస్టారు చేరాడు. మరుగుదొడ్డి నుంచి వస్తూ, "తలుపు వెనక ఆ ప్యాంటు ఎవరిది?" అని అడిగాడు.

"ఉండనీండి" అంది చేతులు అతికే ఆమె, మిషను మీంచి తలెత్తకుండా.

ఉతికి మడత పెట్టి మేకుకి వేలాడదీసిన ప్యాంటు అది. దానికి గుండీ లేదు, జిప్పు లేదు, ఒక్కసారి లాగితే ఊడొచ్చేలా పాత మాస్టారు తనే కుట్టుకున్న నాడా ఒక్కటే ఉంది.