తడి చేతులు

అదిగో ఆ పిల్ల మళ్ళీ కుళాయి దగ్గరే ఉంది, సబ్బు అరిగిపోయేదాకా వదలదు, తరగతి కిటికీలోంచి నాకు దాని వీపే కనిపిస్తోంది, రెండు మోచేతులూ ఆగకుండా ఆడుతున్నాయి, నా బుగ్గ తగిలిన చెయ్యి కడుక్కుంటోందన్నమాట, కడుక్కో తల్లీ కడుక్కో, పొద్దున అద్దం ముందు దవడ కింద కొత్తగా లేచిన మొటిమను వేలితో తాకి నేనూ కడుక్కున్నాను, నా ముఖం తాకి నేనే చెయ్యి కడుక్కుంటే ఏడేళ్ళ పిల్లను ఏమనగలను, రోజూ ఇంటర్వెల్‌లో ఇదే, రోజూ నేను ఈ కిటికీ దగ్గర నిలబడి చూడడమూ ఇదే, చూడకుండా ఉండొచ్చు కదా అంటే ఉండలేను, బస్సులో పక్కసీటావిడ లేచి వెళ్ళి వేరే చోట కూర్చున్నా, లిఫ్టులో ఎవరైనా తల తిప్పుకున్నా లెక్క నా ముఖానికే రాసుకుంటాను, ఆవిడ దిగాల్సిన స్టాపు వచ్చిందేమో అని ఆలోచించే బుద్ధి నాకు ఎప్పుడో పోయింది.

ఇన్ని ఉద్యోగాలుండగా నాకు ఇదే దొరకాలా, చెవులు వినపడని పిల్లలకు మాట నేర్పడం, వినేవాళ్ళు అదేదో నోటితో అయ్యే పని అనుకుంటారు, కాదు, ముఖంతో అయ్యే పని, పిల్ల నా ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గర కూర్చుని నా పెదవులు చూస్తుంది, ఒక అరచెయ్యి నా బుగ్గ మీద పెడుతుంది, ఇంకోటి తన బుగ్గ మీద, నేను మ అంటే నా బుగ్గలో పుట్టిన అదురు దాని అరచేతికి అందుతుంది, అలాంటి అదురే తన బుగ్గలోనూ పుట్టేదాకా గొంతు వెతుక్కుంటుంది, అంతే, ఇంకో దారి ఉన్నా నాకు చేతకాదు, కుళాయి దగ్గరున్న ఈ పిల్లను అందరూ ఉడత అంటారు, గాలి మింగి బుగ్గలు ఉబ్బించి కూర్చునే అలవాటు, ఆ ఉబ్బించిన బుగ్గల్లోంచే ఒకరోజు మా అని బయటికొచ్చింది, గరుగ్గా, పొడుగ్గా, తలుపు కిర్రుమన్నట్టు, సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మకు వినిపించమన్నాను, వినిపించింది, బట్టలు ఇస్త్రీ చేసి బతికే ఆ మనిషి గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది, ఇంకోసారి అనిపిస్తారా అమ్మా అంది, అంతే అంది.

ఆ తర్వాతే నా ముఖం తిరగబడింది, పదహారేళ్ళకు రావాల్సినవి దారితప్పి ముప్పై దాటాక చేరాయి వదినా అని మా మరిది అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వితే దవడ పక్క గడ్డ సలిపింది, మందుల షాపతను ఇచ్చిన ట్యూబు రాస్తే వారంలో నున్నగా అయిపోయింది, మానేసిన వారానికి బుగ్గలు రెండూ ఎర్రగా పొంగి చీముపట్టాయి, అప్పుడు వెళ్ళాను చర్మం డాక్టరమ్మ దగ్గరికి, ఎవరు రాయమన్నారమ్మా దీన్ని, గిల్లకండి, ఇంకేవీ రాయకండి, ఈ మాత్ర అన్నంతోపాటు వేసుకోండి, మొదట్లో ఇంకా ఎక్కువవుతాయి, పెదవులు పగులుతాయి, ఇది వాడినన్నాళ్ళూ బిడ్డ సంగతి తలపెట్టకండి, నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి, అన్నీ రాసుకున్నాను, చివర్లో తలెత్తి నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా అని అడిగింది, బాగానే ఉన్నానండి అన్నాను, ఎంత చక్కగా అన్నానో, ఏడుపొస్తోందని చెబితే దానికీ ఒక ట్యూబు ఇస్తుందా, మా ఆయనను అడిగితే నాకేం కనిపించడం లేదంటాడు ఫోనులోంచి తలెత్తకుండా, ఎలా కనిపిస్తుంది మరి, తోడికోడలికి మాత్రం బాగా కనిపించింది, నా ఒళ్ళో ఉన్న పసిదాన్ని నెమ్మదిగా తీసుకుని, పసిపిల్ల కదక్కా, అంటుకుంటాయేమో అంది, అంటుకోవు అని చెప్పొచ్చు, డాక్టరమ్మే ఆ మాట అంది, అయినా ఖాళీ అయిన ఒళ్ళు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మర్నాడే అనుకుంటా, ఉడత ఎప్పటిలాగే వచ్చి కూర్చుని అరచెయ్యి నా బుగ్గకేసి నొక్కింది, సరిగ్గా గడ్డ మీద, ప్రాణం పోయినంత పనైంది, దాని చెయ్యి విసిరికొట్టాను, నొప్పికే అనుకున్నాను అప్పుడు, నొప్పి ఒక్కటే కాదు, ఆ వేళ్ళ కింద గడ్డల్ని అది లెక్కపెడుతోందేమో, రాత్రి వాళ్ళమ్మకు సైగలతో చెబుతుందేమో అని భయం, పిల్ల ఏడవలేదు, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, మర్నాటి నుంచి నేను మాస్కుతో వచ్చాను, జలుబన్నాను, ఎన్నాళ్ళుంటుందమ్మా ఆ జలుబు, పెదవులు కనపడకపోతే పిల్లలు ఏం చూసి నేర్చుకుంటారు అంది హెడ్‌మిస్ట్రెస్, అందుకని పాఠం చెప్పేటప్పుడు మాస్కు గడ్డం కిందకి దించుతాను, చెయ్యి తగిలీ తగలగానే తల వెనక్కి లాక్కుంటాను, ఉడతకు రోజూ రెండుసార్లు వంతు వస్తుంది, బడి మొదలవగానే ఒకటి, ఇంటర్వెల్ తర్వాత ఒకటి, రెండుసార్లూ ఇదే తంతు, దాని గొంతు ఆగిపోయింది, నోరు తెరుస్తుంది, మూస్తుంది, ఊపిరి తప్ప ఏమీ రాదు, మొదట్లో వాళ్ళమ్మ గేటు దగ్గర నన్ను చూసి ఏమీ అడిగేది కాదు, అడిగితే బావుణ్ణనిపించేది, ఇప్పుడు నేను ఆవిడకు ఎదురుపడకుండా వెనక గేటు నుంచి వెళ్తున్నాను, పిల్లకు వచ్చిన మాట పోతోంది, పోగొడుతున్నది నేను.

గంట కొట్టారు, ఈ పిల్లలకు గంట ఏమిటి, దీపం కూడా వెలిగిస్తారులే, ఉడత వస్తోంది, మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి, గౌనుకు తుడుచుకోవడం లేదు, చేతులు దేనికీ తగలకుండా ఎత్తిపట్టుకుని వస్తోంది, ఎవరు నేర్పారో ఈ శుభ్రం, ఉండు, ఇవాళ పొద్దున నేను రక్తపరీక్షకు వెళ్ళాను కదా, ఇంటర్వెల్ మొదలయ్యాకే బళ్ళోకి వచ్చాను, పొద్దుటి వంతు లేనేలేదు, ఇవాళ ఇది నన్ను ఇంకా ముట్టుకోలేదు, మరి ఏం కడుక్కుంది, దేన్ని కడుక్కుంది, వచ్చి నా ముందు నిలబడింది, అరచేతులు చూపించింది, తిప్పి వెనకవైపు చూపించింది, గోళ్ళు చూపించింది, తనే వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టింది, సబ్బు వాసన, చర్మం తెల్లగా నాని వేళ్ళ సందుల్లో పగిలి ఉంది, నా వైపు చూసింది, సరిపోతుందా అన్నట్టు.

ముట్టుకున్నాక కాదు, ముట్టుకోబోయే ముందు, రోజూ, ఇన్నాళ్ళూ, నా ముఖం తాకిన చెయ్యి కడిగేసుకుంటోందని నేను కిటికీలోంచి కుళ్ళిపోతుంటే అది నా కోసం చేతులు కడుక్కుంటోంది, మాస్కు పూర్తిగా తీసేశాను, కుర్చీ ముందుకు లాగి దాని చెయ్యి పట్టుకుని నా బుగ్గ మీద పెట్టుకున్నాను, అన్నిటికంటే పాడుగా ఉన్న వైపే, రావే, గట్టిగా పెట్టు, ఏం కాదు, అది పెట్టడం లేదు, వేళ్ళు బిగబట్టి అంగుళం దూరాన ఆపుతోంది, నేనే అదుముకున్నాను, చల్లగా ఉంది, నొప్పి పుట్టింది, తల వెనక్కి లాక్కోలేదు, మ అన్నాను, పొడుగ్గా, మూసిన పెదవులు విడదీసేసరికి కింది పెదవి చీలింది, వెచ్చగా కారింది గడ్డం మీదికి, నెత్తురు, ఉడత చూసింది, చెయ్యి ఒక్కసారిగా లాక్కుంది.

నా పెదవిని చూడడం లేదు అది, తన చెయ్యి చూసుకుంటోంది, తిప్పి తిప్పి చూసుకుంటోంది, నెత్తురు తనవల్లే వచ్చిందనుకుంటోంది, కాదు తల్లీ, మందు, నా మందువల్ల, చేతులతో సైగ చేస్తున్నాను, తలెత్తితే కదా నా సైగ కనిపించడం, తలెత్తడం లేదు, వెనక్కి తిరిగింది, కుళాయి వైపు వెళ్తోంది, ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని, తన చేతిని చూసుకున్న ఆ చూపు నేనెక్కడో చూశాను అనుకున్నాను, ఎక్కడో ఏమిటి, రోజూ పొద్దున్నే చూస్తున్నాను, అద్దంలో నన్ను నేను చూసుకునే చూపు అది, వచ్చిన ఒక్క మాటా నిలబెట్టలేకపోయాను గానీ ఆ చూపు మాత్రం దానికి ఒక్క తప్పు లేకుండా నేర్పాను.