సత్తు గిన్నెలో మరకతం

మరకతాన్ని చంపేస్తారా, లేక ఆమే ఎటైనా వెళ్లిపోతుందా అన్నది ఆ శుక్రవారం శశికళ వసారాలో తేలని పంచాయితీ.

పాత సీరీస్‌లో వైద్యలింగం దొంగసరుకు లారీలకు రాజు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, జాలి అసలే లేదు. ఇప్పుడు వస్తున్నది దానికి ముందు జరిగిన కథ. ఇందులో వాడు లారీ ఆఫీసులో బిల్లులు రాసుకునే గుమాస్తా. మరకతం అనే భార్య ఉంది, మూడేళ్ల కూతురుంది. పాత కథలో వాళ్ల ఊసే లేదంటే ఈ కథలో వాళ్లకు ఏదో జరిగి తీరాలి కదా. తొమ్మిది భాగాలు అయిపోయాయి, ఇక ఒక్కటే మిగిలింది.

"వాడే చంపిస్తాడు, రాసిపెట్టుకో," అంది శశికళ, చింతపండును రాతి మీద పెట్టి చిన్న సుత్తితో గింజ రాలగొడుతూ.

"కట్టుకున్నదాన్ని చంపేంత పాపి కాలేదులే వాడు ఇంకా. సావాసం మంచిది కాదు, అంతే," అంది పక్కింటి నంజమ్మ. అరవై దాటిన ఆ మనిషికి వైద్యలింగమంటే మొదటినుంచీ అదో ఇది.

"నీ మేనల్లుడు గదా, నువ్వట్లే అంటావు అక్కా," అని శశికళ వెక్కిరించింది.

తమిళనాడులోని ఆ పాపిరెడ్డిపట్టి చుట్టుపక్కల చింతపండు కాలమొస్తే ఇంటింటా ఇదే పని. కన్ను పక్కకు తిరిగిందా, సుత్తి వేలి మీదే పడుతుంది. అందుకని వీళ్లు సీరీస్ చూడరు, వింటారు. ఫోన్‌ను ఖాళీ సత్తు గిన్నెలో పడేస్తే వసారా అంతా గణగణమని వినిపిస్తుంది. బొమ్మ మానాన బొమ్మ గిన్నె అడుగున ఆడుకుంటూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం మూడు నిమిషాల పాటు వాన శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. నెట్టు నిలిచిపోయిందనుకుని నంజమ్మ టీ పెట్టడానికి లేచింది.

నంజమ్మకు అది కాలక్షేపం. శశికళకు మాత్రం ప్రాణం మీదికి వచ్చిన సంగతి. కూతురు సుగన్య ప్లస్ టూ చదివేటప్పుడు పరీక్ష సెలవుల్లో, మనుషులు దొరకక, ఆ పిల్లను చింతపండు ముందు కూర్చోబెట్టింది. మార్కులు తగ్గాయి, నర్సింగ్ సీటు పోయింది. "ఇంక జన్మలో చింతపండు ముట్టను," అని చెప్పి సుగన్య ధర్మపురి కాలేజీలో చేరి హాస్టల్‌కు వెళ్లిపోయింది. ఆ తరువాత ఫోన్‌లో రెండే మాటలు. తిన్నావా? తిన్నాను. ఏడాదిన్నర అలాగే గడిచింది. పాత సీరీస్‌ను తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని టీవీలో చూసినవాళ్లు. అందుకే ఈ ముందు కథ మొదలైనప్పుడు సుగన్యే తల్లికి ఫోన్ చేసి, "చూసినావా మా?" అని అడిగింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఏడింటికి అరగంట మాట్లాడుతోంది. వచ్చే వారం కథ అయిపోతే మళ్లీ ఆ రెండు మాటలే మిగులుతాయేమోనని శశికళ భయం.

ఆ సాయంత్రం కూడా ఏడింటికే ఫోన్ మోగింది.

"చూసినావా మా?"

"చూసినానే. మరకతాన్ని వాడు చంపిస్తాడు."

"ఆ వానలో ఆమె చేసింది చూసినాక కూడా అట్లంటావా?"

శశికళకు వాన చప్పుడే గుర్తుంది. "గొడుగు లేక తడిసింది, పాపం."

"ఆమె ఇంట్లోనే ఉంది మా." సుగన్య ఒక్కొక్కటిగా చెప్పింది. "పాప బట్టలు సంచిలో సర్దింది. తాళి తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు చూడలేదు గదా?"

ఇక దాచి లాభం లేకపోయింది. శశికళ గిన్నె సంగతి చెప్పేసింది.

"మొదటినుంచీ అంతేనా?"

"చేతికి పనుంటుంది గదా. చెవులు సుమ్మా ఖాళీగా ఉంటాయని విన్నాను."

"మరి చూసినానని ఎందుకు చెప్తా వచ్చినావు?"

"చూడలేదంటే ఇంక నాతో ఏం మాట్లాడతావులే అనుకున్నాను."

"సరి మా, పెట్టేస్తాను," అంది సుగన్య.

ఆ వారమంతా శశికళ తనను తాను తిట్టుకుంటూనే ఉంది. అబద్ధం ఆడినదానివి ఆ పూటకు టీవీలోనో ఫోన్‌లోనో చూసి ఏడవకూడదా అని. శుక్రవారం చివరి భాగం వచ్చింది. నంజమ్మ గిన్నె పట్టుకొస్తే శశికళ వద్దంది. ఏడయింది, ఎనిమిదయింది. ఫోన్ మోగలేదు. తనే చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేసింది.

శనివారం పదకొండింటికి సుగన్య సంచీ భుజాన వేసుకుని ధర్మపురి బస్సు దిగి వచ్చింది. వసారా మెట్టెక్కి నేరుగా రాయి ముందుకు వచ్చి నిలబడింది.

"జరుగు మా."

"తినేసి..."

"జరుగు."

శశికళ జరిగింది. సుగన్య ఆమె చేతిలోని సుత్తి తీసుకుని కూర్చుంది. ఖాళీ గిన్నె పక్కనున్న ఫోన్ తీసి, చివరి భాగం పెట్టి, చింతపండు బస్తాకు ఆనించి, తల్లి ముఖానికి ఎదురుగా నిలబెట్టింది. "నేను కొడతా. నువ్వు తలెత్తి చూడు. నేను కూడా ఇంకా చూడలేదు."

మొదటి దెబ్బకే సగం గింజ లోపలే ఉండిపోయింది. పక్కనే పని చేస్తున్న నంజమ్మ దాన్ని గోటితో పెకలించింది. శశికళ ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏం చేయాలో తెలియనట్టు తెర వైపు చూసింది. బస్టాండులో తెల్లవారుజాము. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు, వేరు వేరుగా, చెరో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడడం లేదు.

శశికళ కాసేపు ఆగి, కాస్త సిగ్గుపడుతూ అడిగింది.

"వీళ్లలో మరకతం ఎవరే?"

సుగన్య చేతిలో సుత్తి ఆగింది. తొమ్మిది వారాలుగా ఆ మనిషి గురించి తనతో వాదించిన తల్లి ముఖంలోకి చూసింది.

"ఆ పచ్చ చీర ఆమె, మా," అని చెప్పి, తల వంచుకుని మళ్లీ కొట్టసాగింది.